పూల కుండీకి నత్రజని: యూరియానా, చెక్కా, వర్మీకంపోస్టా?

మా మిద్దె మీద రెండు గుండుమల్లె మొక్కలను ఒకే రోజు కుండీల్లో పెట్టాను. రెండూ ఒకే నర్సరీవి, మట్టి కూడా ఒక్కటే. మరుసటి ఏడాది జనవరిలో కొమ్మలు కత్తిరించాక, మొదటిదానికి పదిహేను రోజులకొకసారి చెంచాడు యూరియా నీళ్లలో కలిపి పోశాను. రెండోదానికి వేప పిండి, వేరుశనగ చెక్క (గింజల నుంచి నూనె తీశాక మిగిలే పిప్పి) కలిపి గుప్పెడు పైమట్టిలో కలిపి ఊరుకున్నాను. మార్చి నెలాఖరుకు మొదటి మొక్క పిట్టగోడ ఎక్కింది. ఆకులు వెడల్పుగా, నల్లబడ్డాయేమో అన్నంత ముదురు పచ్చగా ఉన్నాయి. లేత కొమ్మను వంచితే పుటుక్కున విరిగేది. చివుళ్ల కింద పేనుబంక బారులు తీరి ఉంది. మొగ్గ మాత్రం ఒక్కటీ లేదు. రెండో మొక్క నా మోకాలి ఎత్తు కూడా పెరగలేదు. ఏప్రిల్ మొదటి వారంలో ఒక సాయంత్రం దాని మొగ్గలు లెక్కపెడితే ముప్పై నాలుగు ఉన్నాయి.

నత్రజని రెండు మొక్కలకూ అందింది. ఎంత వేగంగా అందింది, ఎప్పటిదాకా అందింది అన్నదగ్గరే తేడా వచ్చింది. అందుకే పూల మొక్కలకు ఏ నత్రజని ఎరువు మంచిదని ఎవరు అడిగినా, సంచి మీద రాసిన శాతం కంటే ముందు రెండు విషయాలు చూడమంటాను. ఆ ఎరువు నత్రజనిని ఎంత తొందరగా వదులుతుంది? మీ మొక్క ఇప్పుడు ఏ దశలో ఉంది? ఈ రెండూ తెలిస్తే మిగిలినది సులువు.

అసలు పూలకు నత్రజనితో పనేమిటి?

నత్రజని ఆకుకే గానీ పువ్వుకు కాదనే మాట తరచూ వినిపిస్తుంది. ఇది సగమే నిజం. ఆకుకు పచ్చదనం ఇచ్చే పత్రహరితం అణువులో మధ్యన ఒక మెగ్నీషియం పరమాణువు, దాని చుట్టూ నాలుగు నత్రజని పరమాణువులు ఉంటాయి. మొక్కలోని ప్రతి మాంసకృత్తుకూ నత్రజని కావాలి. పువ్వు విచ్చుకోవడానికి కావలసిన చక్కెర తయారయ్యేది ఆకులోనే. కాబట్టి నత్రజని అందని మొక్కకు ఆకు పలచబడుతుంది, కొమ్మలు తగ్గుతాయి, పూలు కొద్దిగా, చిన్నగా వస్తాయి. మితిమీరితే, తయారైన చక్కెరంతా కొత్త కొమ్మలకూ ఆకులకూ ఖర్చవుతుంది. పూత వెనక్కు పోతుంది. మెత్తటి చివుళ్లకు పేనుబంక, పిండినల్లి, బూడిద తెగులు సులువుగా పట్టుకుంటాయి. తక్కువైనా పూలుండవు, ఎక్కువైనా పూలుండవు కాబట్టి ఈ ఒక్క పోషకం విషయంలో కొలత మీద శ్రద్ధ పెట్టక తప్పదు.

ఎరువు కొనబోయే ముందు చేయవలసిన పని ఒకటుంది. మొక్క పసుపు రంగుకు తిరిగిందని నత్రజని పోసేస్తారు చాలామంది. దానికి ముందు రెండు ఆకులు తెంపి పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి కింది ముదురు ఆకు, రెండోది పైన కొత్తగా విచ్చిన ఆకు. మొక్కలో నత్రజని ఒకచోటి నుంచి మరోచోటికి కదులుతుంది. కొరత వచ్చినప్పుడు మొక్క ముసలి ఆకుల్లోని నత్రజనిని లాగి చివుళ్లకు పంపుతుంది. అందువల్ల కింది ఆకు ఈనెలతో సహా మొత్తం పసుపెక్కి, పై ఆకు పచ్చగానే ఉంటే అది నత్రజని కొరత కావచ్చు. కింది ఆకులు బాగానే ఉండి, పై లేత ఆకు పాలిపోయి ఈనెలు మాత్రం పచ్చటి గీతల్లా మిగిలితే అది ఇనుము కొరత. మల్లె, నూరు వరహాలు, గులాబీ మొక్కల్లో ఇది చాలా మామూలు. ముఖ్యంగా గట్టి బోరు నీళ్లు పోసే ఇళ్లలో మట్టి క్షారగుణానికి తిరిగి, ఇనుము ఉన్నా వేరుకు అందదు. అలాంటి మొక్కకు యూరియా పోస్తే పసుపు తగ్గదు సరికదా, ఉన్న పూత కూడా పోతుంది.

మట్టి మిశ్రమం వల్ల వచ్చే కొరత మరొకటి. సగం చివికిన ఎండుటాకులు, రంపపు పొట్టు, సరిగా మాగని కొబ్బరి పొట్టు ఎక్కువగా కలిపిన కుండీలో వాటిని చివికించే సూక్ష్మజీవులే నత్రజనిని ముందుగా తినేస్తాయి. నారు పెట్టిన పది రోజులకే బంతి మొక్కలు వెలిసిపోయినట్లు కనిపిస్తే మొదట అనుమానించవలసింది దీన్నే.

ఒకే కొలతతో పోలిక

పన్నెండు అంగుళాల కుండీలోని ఎదిగిన పూల మొక్కకు ఒక విడతలో 2 గ్రాముల నత్రజని ఇద్దామనుకుందాం. యూరియాలో నత్రజని 46 శాతం కాబట్టి దాదాపు నాలుగున్నర గ్రాములు చాలు. అంటే ఒక చిన్న చెంచా. అమ్మోనియం సల్ఫేట్ అయితే సుమారు 10 గ్రాములు, కాల్షియం నైట్రేట్ అయితే 13 గ్రాములు కావాలి. వేరుశనగ చెక్కలో నత్రజని ఏడు శాతం పైచిలుకు, కనుక 27 గ్రాములు. వేప పిండిలో అయిదు శాతం, అది 40 గ్రాముల దాకా పడుతుంది. వర్మీకంపోస్టులో, అంటే వానపాముల ఎరువులో, శాతం తయారీని బట్టి మారుతుంది. ఒకటిన్నర శాతం అనుకుంటే 130 గ్రాములు, అంటే రెండు మూడు పిడికిళ్లు. అర శాతం ఉండే మాగిన పశువుల ఎరువైతే 400 గ్రాములు.

ఈ అంకెల్లో నాకు ముఖ్యంగా కనిపించేది చేయి జారితే ఏమవుతుందన్నది. యూరియా అర చెంచా ఎక్కువ పడితే మొక్కకు ఒక గ్రాము నత్రజని అదనంగా పోయినట్లు, అంటే మోతాదు ఒకటిన్నర రెట్లయినట్లు. వేప పిండి అర చెంచా ఎక్కువైతే తేడా లెక్కలోకే రాదు. ఎకరంలో పొరపాటు పడితే నేల కొంత సర్దుకుంటుంది. కుండీలో ఉన్నది పది పన్నెండు కిలోల మట్టి మాత్రమే, వేరు తప్పించుకుని పోయే చోటు లేదు.

ధర గురించి కూడా ఇక్కడే చెబుతాను. యూరియా చవక అనే మాట పొలానికి సరిపోతుంది. ఒక కుండీకి పడేది పైసల్లో అయితే, చెక్క ఖర్చు విడతకు రెండు మూడు రూపాయలు. పది పదిహేను కుండీలున్న ఇంటికి ఈ తేడా మీద నిర్ణయం తీసుకోనక్కరలేదు.

యూరియా

యూరియాను నేను చెడ్డ ఎరువు అనను. మన పొలాలను పండిస్తున్నది చాలావరకు అదే. కుండీకి అది ఎందుకు కష్టమో అర్థం చేసుకోవాలి. నేలలో పడిన యూరియాను సూక్ష్మజీవుల ఎంజైము ముందు అమ్మోనియంగా మారుస్తుంది. తర్వాత బ్యాక్టీరియా దాన్ని నైట్రేటుగా మారుస్తుంది. వెచ్చటి తడి మట్టిలో ఇదంతా కొద్ది రోజుల్లో జరిగిపోతుంది. పైమట్టి మీద చల్లి వదిలేస్తే, ఏప్రిల్ ఎండలో కాలే కుండీ నుంచి కొంత అమ్మోనియా ఆవిరై గాలిలో కలిసిపోతుంది. నైట్రేటుగా మారినది మట్టి రేణువులకు అంటుకోదు కాబట్టి మీరు పోసే నీళ్లతో పాటు అడుగు రంధ్రం నుంచి జారిపోతుంది. వేసిన వారంలో మొక్కకు విందు, ఆ తర్వాత పస్తు. 2015 నుంచి మన దేశంలో యూరియాకు వేప పూత తప్పనిసరి చేశారు. ఆ పూత నైట్రేటుగా మారే వేగాన్ని కొంత తగ్గిస్తుంది. మేలే, కానీ కుండీ ఇబ్బంది దానితో పూర్తిగా తీరదు.

వాడక తప్పదనుకుంటే లీటరు నీటికి 2 గ్రాములకు మించకుండా కలిపి, ముందే తడిపిన మట్టిలో, సాయంత్రం పూట పోయండి. గుళికలను మొదలు దగ్గర వేయకండి, వేర్లు మాడిపోతాయి. కత్తిరింపు తర్వాత కొత్త చిగురు వచ్చే దశలోనే, మూడు వారాల ఎడంతో రెండుసార్లు చాలు. గింజంత మొగ్గ కనిపించిన రోజు నుంచి ముట్టుకోవద్దు.

చెక్కలు, పిండ్లు

కుండీ పూలకు నా మొదటి ఎంపిక ఇవే. నూనె తీశాక మిగిలిన చెక్కలో నత్రజని మాంసకృత్తుల రూపంలో ఉంటుంది. సూక్ష్మజీవులు దాన్ని విప్పుకుంటూ పోతే తప్ప వేరుకు అందదు. అందుకే మొక్కకు ఒక్కసారిగా కాకుండా వారాల తరబడి కొద్దికొద్దిగా చేరుతుంది.

వేరుశనగ చెక్క వీటిలో వేగం ఎక్కువైనది. మన వెచ్చటి వాతావరణంలో వేసిన రెండో వారం నుంచే ఆకు రంగులో తేడా కనిపిస్తుంది. దానితో వచ్చే చిక్కులూ ఉన్నాయి. పైన చల్లి వదిలేస్తే మూడో రోజుకు తెల్లటి బూజు దూదిలా కమ్ముకుంటుంది, చీమలు బారు కడతాయి, ఎలుకలు తిరిగే మిద్దె అయితే కుండీ తవ్వేస్తాయి. నానబెట్టి వాడేవారు 100 గ్రాములను లీటరు నీటిలో మూడు నాలుగు రోజులు ఉంచి, వడకట్టి, పదింతల నీళ్లు కలిపి పోస్తారు. బాగా పనిచేస్తుంది, కానీ ఆ వాసన పక్కింటివరకు వెళ్తుంది. అపార్ట్‌మెంటు బాల్కనీలో ఉండేవారికి ఆ పద్ధతి చెప్పను.

వేప పిండి నెమ్మది. చేదు వల్ల చీమలు, ఎలుకలు దాని జోలికి రావు. మట్టిలోని నులిపురుగుల ఉద్ధృతిని తగ్గిస్తుంది. నైట్రేటుగా మారే వేగాన్ని కూడా తగ్గిస్తుంది కాబట్టి, వేరుశనగ చెక్కతో కలిపి వేసినప్పుడు దాని దూకుడుకు పగ్గం వేస్తుంది. అందుకే నేను రెండు పాళ్లు వేప పిండి, ఒక పాలు వేరుశనగ చెక్క కలిపి డబ్బాలో పెట్టుకుంటాను. పన్నెండు అంగుళాల కుండీకి ఈ మిశ్రమం 40 గ్రాములు. మొదలుకు నాలుగు వేళ్ల దూరం వదిలి, చుట్టూ పైమట్టిని అంగుళం లోతు గీరి, పిండి చల్లి, గీరిన మట్టిని తిరిగి కప్పి నీళ్లు పోస్తాను. కప్పడం మరిచిపోతే మళ్లీ బూజే. విడతకూ విడతకూ మధ్య నెలన్నర ఎడం ఉండాలి. మెల్లగా పనిచేస్తుంది కాబట్టి మొక్క అడిగాక వేస్తే ఆలస్యమవుతుంది. కత్తిరించిన వారంలోనే పడాలి.

ఆముదం పిండిలో నత్రజని నాలుగు శాతం పైన ఉంటుంది, ఎరువుగా బాగుంటుంది. కానీ అది పశువులకూ కుక్కలకూ విషం. కుక్కను పెంచుకునే ఇంట్లో కుండీలో వేయకండి. ఎముకల పొడితో కలిపి ఉంటే వాసనకు ఆశపడి తింటాయి.

వర్మీకంపోస్టు, పశువుల ఎరువు, జీవామృతం

వర్మీకంపోస్టును నేను నత్రజని ఎరువుగా కాక మట్టిని బాగుచేసే పదార్థంగా చూస్తాను. నీటిని పట్టి ఉంచుతుంది, సూక్ష్మజీవులకు ఇల్లు ఇస్తుంది, వేరును మాడ్చదు. కొత్తగా మొదలుపెట్టినవారు ఇదొక్కటే వాడినా నష్టపోరు. గులాబీ, చామంతి లాంటి ఆకలి ఎక్కువున్న మొక్కలకు మాత్రం ఇదొక్కటే చాలదు. మాగిన పశువుల ఎరువుదీ అదే దారి. పచ్చి పేడ వేయవద్దు, వేడికి వేర్లు దెబ్బతింటాయి, వేరు పురుగు చేరుతుంది. కోళ్ల ఎరువు ఘాటు ఎక్కువ, రెండు మూడు నెలలు మాగకుండా కుండీ దగ్గరకు తేవద్దు.

జీవామృతం గురించి చాలామంది అడుగుతారు. 200 లీటర్ల నీటిలో 10 కిలోల పేడ, మూత్రం, బెల్లం, పప్పు పిండి, పిడికెడు మట్టి కలిపి పులియబెట్టే ఆ ద్రవంలో నత్రజని చాలా కొద్దిగా ఉంటుంది. దాని బలం సూక్ష్మజీవుల్లో ఉంది. చెక్క వేసిన కుండీకి పోస్తే చెక్క త్వరగా విడుదలవుతుంది. ఏమీ వేయని కుండీకి ఎరువుగా దాన్నే నమ్ముకోవడం సరికాదు.

గుడ్డు పెంకుల్లో ఉండేది కాల్షియం, అరటి తొక్కల్లో ప్రధానంగా పొటాష్. నత్రజని కోసం ఈ రెండింటినీ లెక్కలోకి తీసుకోకండి.

నీటిలో కరిగే ఎరువులు

మట్టి లేకుండా కొబ్బరి పొట్టులో పెంచేవారికి చెక్కలు అంత బాగా పనిచేయవు, అక్కడ వాటిని విప్పే జీవులు తక్కువ. అలాంటివారికి 19:19:19, కాల్షియం నైట్రేట్, 13:0:45 ఉపయోగం. ఈ అంకెలు వరుసగా నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు. 19:19:19ను పూల ఎరువని అమ్ముతారు గానీ అందులో నత్రజని మిగతా రెండింటితో సమానం. పెరిగే దశకు అది సరే. మొగ్గ కనిపించాక 13:0:45కు మారండి, నత్రజని తగ్గి పొటాష్ పెరుగుతుంది. ఏదైనా లీటరుకు 2 గ్రాములు దాటనక్కరలేదు. కాల్షియం నైట్రేటును 19:19:19తో ఒకే బకెట్టులో కలిపితే కాల్షియం, భాస్వరం గడ్డకట్టి అడుగున తెల్లగా పేరుకుంటాయి. వేర్వేరు వారాల్లో ఇవ్వాలి.

బోరు నీటి ఇబ్బంది ఉన్న ఇళ్లకు అమ్మోనియం సల్ఫేట్ ప్రత్యేకంగా చెబుతాను. ఇందులో నత్రజని 21 శాతం లోపు, దానితో పాటు గంధకం ఉంటుంది. మట్టిని మెల్లగా ఆమ్లగుణం వైపు నడుపుతుంది. పాలిపోయే నూరు వరహాలు, గులాబీలకు లీటరుకు 3 గ్రాములు, నెలకొకసారి, అదీ పెరిగే దశలో.

డీఏపీ (డై అమ్మోనియం ఫాస్ఫేట్) కుండీకి అవసరం లేదనే నా అభిప్రాయం. 18 శాతం నత్రజనితో పాటు 46 శాతం భాస్వరం వచ్చి చేరుతుంది. భాస్వరం కుండీలో పేరుకుపోయి ఇనుము, జింకు అందకుండా చేస్తుంది. మందారానికి అది అసలు పడదు. 2021లో వచ్చిన ద్రవ రూప నానో యూరియా 4 శాతం నత్రజనితో అర లీటరు సీసాలో వచ్చింది. అంటే సీసా మొత్తంలో ఉన్నది 20 గ్రాములు. ఆకుల మీద చల్లే తోడుగా సరే, మట్టికి వేసే మేతకు బదులుగా దాన్ని నేను ఎంచుకోను.

ఏ మొక్కకు ఏది?

గులాబీ ఏడాదంతా పూస్తుంది కాబట్టి ఏడాదంతా తింటుంది. చెక్కల మిశ్రమం నెలన్నరకోసారి, అక్టోబరు కత్తిరింపు తర్వాత ఒక్కసారి త్వరగా అందే నత్రజని. చామంతి అలా కాదు. పగలు తగ్గినప్పుడే మొగ్గ తొడుగుతుంది. దానికి నత్రజని కావలసింది నాటిన తొలి ఏడు వారాల్లో. ఆ కాలంలో ఆకలితో ఉంచి తర్వాత ఎంత పోసినా పువ్వు పరిమాణం రాదు. అందుకే చామంతికి మాత్రం మొదట్లో వేగంగా అందే ఎరువే మేలు.

మల్లెకు నేలలో పెంచే రైతుల కోసం తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం చేసిన సిఫార్సు ఏడాదికి మొక్కకు 60 గ్రాముల నత్రజని, 120 గ్రాముల భాస్వరం, 120 గ్రాముల పొటాష్, రెండు విడతలుగా. మిగతా రెండింటిలో ఒక్కోదానితో పోలిస్తే నత్రజని సగమే అన్నది గమనించండి. కుండీ మల్లెకు కూడా చెక్కలే మేలు. బంతికి మట్టిలో కలిపిన వర్మీకంపోస్టు, ఒక విడత చెక్క చాలు, ఎక్కువైతే పొదలా పెరుగుతుంది. కాగితం పూలకు నత్రజని, నీళ్లు రెండూ తగ్గిస్తేనే రంగు వస్తుంది. నాచు గులాబీకి దాదాపు ఏమీ అక్కరలేదు. శంకుపుష్పం చిక్కుడు జాతిది, వేరు బుడిపెల్లోని రైజోబియం అనే బ్యాక్టీరియా గాలి నుంచి నత్రజనిని తెచ్చిపెడుతుంది. దానికి యూరియా పోస్తే ఆ పని తగ్గించేస్తుంది.

కడియం నుంచో, మీ ఊరి నర్సరీ నుంచో తెచ్చిన మొక్క సాధారణంగా అక్కడ బాగా తిని వచ్చినదే. కుండీ మార్చాక మూడు వారాలు ఏ ఎరువూ వేయకుండా వేరు నిలదొక్కుకోనివ్వండి.

ఇప్పటికే నత్రజని ఎక్కువైపోయిన మొక్క ఉంటే పారేయనక్కరలేదు. నా మొదటి మల్లెకు ఏప్రిల్‌లో యూరియా ఆపేశాను. రెండు రోజుల వ్యవధిలో రెండుసార్లు, కుండీ పరిమాణానికి రెండింతల నీళ్లు నెమ్మదిగా పోసి అడుగు నుంచి పారనిచ్చాను. పిట్టగోడ ఎక్కిన కొమ్మలను సగానికి కత్తిరించి, కింది ముదురు ఆకులు కొన్ని దూసేశాను. వారం రోజులు నీళ్లు తగ్గించాను, ఆకు సాయంత్రానికి కొద్దిగా వాలేంత. తర్వాత సల్ఫేట్ ఆఫ్ పొటాష్ లీటరుకు 3 గ్రాములు ఒకసారి పోశాను. మే చివరి వారంలో కత్తిరించిన ప్రతి కణుపు దగ్గరా మూడేసి మొగ్గల గుత్తులు వచ్చాయి. ఆ శుక్రవారం రెండు కుండీల పూలూ కలిపితే దేవుడి పటానికి మూరెడు దండ అయ్యింది.